కూర్మన్నపాలెంలో హిమాలయం గాలి

ఆ ఆదివారం పొద్దున్న గవర్రాజు పెట్టుకున్న పని చాలా చిన్నది: వంటింట్లో నీళ్ళ ఫిల్టర్‌కు కొత్త బొగ్గు కార్ట్‌రిడ్జ్ వెయ్యడం. టిఫిన్ లోపే ఆ పని అయిపోయింది. చిక్కంతా పాత కార్ట్‌రిడ్జ్‌తో వచ్చింది. ఆయన ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. చేతిలోకి వచ్చిన వస్తువును పారెయ్యడం ఆయన వల్ల కాదు. దాన్ని ఎండబెడదామని డాబా ఎక్కాడు.

డాబా మీద గదిలో ఒక మిషన్ అద్దెకుంటోంది. ఓజోన్, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ లాంటి, దేనితో పడితే దానితో చర్య జరిపే వాయువులు గాలిలో ఎంతున్నాయో అది కొలుస్తుంది. గంటగంటకూ ఆ కొలతలు మద్దిలపాలెంలో కాలుష్యం లెక్కలు చూసే ఆఫీసుకు వెళ్తాయి. అక్కడి నుంచి, భూగోళం మొత్తం మీద రేపూ ఎల్లుండీ గాలి ఎలా ఉంటుందో అంచనా కట్టే పెద్ద కంప్యూటర్లకు చేరతాయి. దాన్ని చూసుకునే అమ్మాయి షగుఫ్తా. వన్‌టౌన్ నుంచి స్కూటీ మీద వచ్చి పోతుంటుంది.

మిషన్ గాలి పీల్చే పైపు కిటికీలోంచి బయటికి వచ్చి, నీళ్ళ ట్యాంకు వెనక నోరు తెరుచుకుని ఉంది. గవర్రాజు ఆ నోటి వంక చూశాడు. కింద రోడ్డు మీద లారీలు లేపుతున్న దుమ్ము వంక చూశాడు. ఎండిన కార్ట్‌రిడ్జ్ వంక చూశాడు.

"ఏటి సేత్తన్నారు పైన? ఉప్మా సల్లారిపోతంది," అని కింద నుంచి భార్య వరహాలమ్మ కేకేసింది.

"వొత్తన్నాను. ఈ మిషన్ దుమ్మంతా పీల్సీసుకుంటంది, పాపం. ఎన్నాళ్ళు బతుకుతాది?"

పావుగంటలో కార్ట్‌రిడ్జ్‌ను పైపు నోటికి బిగించేశాడు. పక్కల నుంచి చిటికెడు గాలి కూడా దూరని బిగింపు. పైన ఎండా వానా తగలకుండా పాత పెయింటు డబ్బా కూడా బోర్లించాడు. మంచి పని చేసినవాడి ఆకలితో ఉప్మా రెండుసార్లు పెట్టించుకున్నాడు.

సోమవారం ఆఫీసులో కంప్యూటర్ తెరవగానే షగుఫ్తాకు గుండె జారింది. కూర్మన్నపాలెంలో ఓజోన్ సున్నా. సల్ఫర్ డయాక్సైడ్ సున్నా. అన్నీ సున్నాలే. పరుగున వచ్చి డాబా గది తలుపు తీసింది. మిషన్ పచ్చ దీపాలతో నిక్షేపంగా ఉంది. సిలిండర్‌లోంచి పరీక్ష వాయువు నేరుగా మిషన్‌లోకి పంపి చూసింది. ఎంత పంపితే సరిగ్గా అంతే చెప్పింది.

"బాబాయ్ గారూ, మిషన్ ఎవరైనా ముట్టుకున్నారా?"

"మిషన్ జోలికి నానెందుకెళ్తానమ్మా? గది తాళం నీ దగ్గిరే గదా," అన్నాడు గవర్రాజు. ఆయన అబద్ధం చెప్పలేదు. ముట్టుకున్నది పైపును.

షగుఫ్తా బెంగగా ఆఫీసర్ గుణశేఖర్‌కు ఫోన్ చేసింది. ఆయన బెంగపడలేదు.

"మిషన్ బాగుందన్నావు కదా. అంటే గాలి బాగుందన్నమాట. సముద్రం పక్కనే ఉందాయె."

"సార్, సముద్రం పక్కనైనా ఓజోన్ సున్నా ఉండదు."

"శనివారం ఢిల్లీ నుంచి తనిఖీకి వస్తున్నారు. ప్రపంచ నెట్‌వర్క్‌లో మన స్టేషన్ ఉండాలో తీసెయ్యాలో వాళ్ళే తేలుస్తారు. ఈ టైములో మంచి రీడింగులొస్తే ఏడుస్తావేమిటమ్మా?"

స్టేషన్ తీసేస్తే షగుఫ్తా ఉద్యోగం కూడా దానితోనే పోతుంది. ఆమె ఏడుపు దాని గురించే. గుణశేఖర్ మాత్రం ఆ సాయంత్రమే ఆఫీసు యాప్‌లో కూర్మన్నపాలెం మీద ముదురాకుపచ్చ చుక్క పెట్టించి, కింద 'నగరంలోకెల్లా స్వచ్ఛమైన గాలి' అని రాయించాడు.

మంగళవారానికి ఆ వీధిలోకి వాకింగ్ వాళ్ళు రావడం మొదలైంది. బుధవారం అనకాపల్లి నుంచి వరహాలమ్మ అక్క జోగమ్మ, ఆయాసంతో, పరుపుచుట్టతో ఆటో దిగింది.

"మీ ఇంటి మీద గాలి మందులా పని సేత్తందట గదే. ఫోన్లో సూపించినాడు మావోడు," అంటూ పరుపు డాబా మీద పరిపించుకుంది. ఆ మధ్యాహ్నం వరహాలమ్మ పెట్టిన వంకాయ పులుసు తిని, సాయంత్రం దాకా దగ్గు లేకుండా పడుకుంది. ఈ కబురు వీధంతా పాకింది.

గురువారం ప్లాట్ల బ్రోకర్ వాసు ఇద్దరు కొనుగోలుదార్లను నేరుగా డాబా మీదికే తెచ్చాడు.

"పీల్చండి సార్, గట్టిగా పీల్చండి. హిమాలయం గాలి. గజం రేటు ఇవాళ ఉన్నట్టు రేపుండదు."

వాళ్ళు గట్టిగా పీల్చారు. అటు వైపు వెళ్తున్న లారీ పొగకు ఒకాయన దగ్గాడు. మంచి గాలి అలవాటు లేక అలా అవుతుందని వాసు సర్దిచెప్పాడు. ఆ గాలికి యజమానిలా గవర్రాజు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

శనివారం ఢిల్లీ నుంచి తనిఖీకి వచ్చిన చంద్రిక సొంతూరు కాకినాడ. డాబా మీద పరుపు దాటుకుని గదిలోకి వెళ్ళి, వారం రోజుల గ్రాఫు తెరిచింది. ఎగుడుదిగుళ్ళు లేకుండా, స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే గీత.

"ఇది గాలి కాదు షగుఫ్తా. గాలి పగలొకలా రాత్రొకలా ఉంటుంది. పైపు ఎక్కడుంది?"

ట్యాంకు వెనక పెయింటు డబ్బా చూసి ఇద్దరూ ఆగిపోయారు. వెనకే వచ్చిన గవర్రాజుకు మాత్రం సంబరంగా ఉంది.

"నానే బిగించినానమ్మా. దుమ్ము పోకుండా. నీళ్ళ ఫిల్టర్‌ది, లోపలంతా మంచి బొగ్గు."

షగుఫ్తా ట్యాంకు గట్టు మీద కూలబడింది. "దుమ్ముకి లోపల వేరే ఫిల్టర్ ఉంది బాబాయ్ గారూ. బొగ్గు ఆ వాయువులన్నిటినీ పట్టేస్తుంది. మిషన్ కొలవాల్సింది వాటినే."

గవర్రాజుకు అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. "అయితే అమ్మా, ఈ పిల్ల ఉద్యోగం..." అని చంద్రిక వైపు తిరిగాడు. "తప్పు నాది. నాను రాసిత్తాను, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

చంద్రిక మళ్ళీ గదిలోకి వెళ్ళి గ్రాఫును పెద్దది చేసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. పరుపు మీద జోగమ్మ లేచి కూర్చుంది.

"వాయువు లేని గాలి పంపితే మిషన్ సున్నా చూపించాలి," అంది చివరికి చంద్రిక. "రోజులు గడిచేకొద్దీ ఆ సున్నా పక్కకి జరిగిపోతూ ఉంటుంది. నేను పరీక్షించడానికి వచ్చిందే అది. మామూలుగా బొగ్గు గాలి పంపి ఒక్క రాత్రి చూస్తాం. మీరు వారం చూశారు. వెంట్రుకవాసి కూడా జరగలేదు. ఇంత నిలకడైన మిషన్ నాకీమధ్య తగల్లేదు."

"మరి అంచనాలు మేడమ్? ఈ సున్నాలతో ప్రపంచమంతా తప్పు..."

"మొదటి రోజే ఆ కంప్యూటర్లు నమ్మకుండా పక్కన పెట్టేశాయి. నమ్మింది మీ ఆఫీసరే. స్టేషన్ పాసైంది. అది ఊడదియ్యండి."

గవర్రాజు ఊడదీశాడు. కాసేపటికి తెర మీద గీత కదిలింది. ఓజోన్ లేచింది. సల్ఫర్ డయాక్సైడ్ లేచింది. షగుఫ్తా చున్నీతో కళ్ళు తుడుచుకుని నవ్వింది. కాలుష్యం పెరుగుతుంటే అంత ఆనందపడిన మనిషిని గవర్రాజు అంతకుముందు చూడలేదు. ఆయనకూ అప్పుడే ఊపిరి ఆడింది.

సాయంత్రానికి యాప్‌లో చుక్క రంగు మారింది, వాసు ఫోన్ ఎత్తడం మానేశాడు, వాకింగ్ వాళ్ళు బీచ్‌కు తిరిగిపోయారు. జోగమ్మ మాత్రం, తనకు పడింది గాలో చెల్లెలి చేతి పులుసో తేల్చుకోవడానికి ఇంకో నెల ఉండి చూస్తానంది.