దర్జీ దవడలో ఆస్పత్రి గాజు

ఆస్పత్రి సొత్తు శాశ్వతం, రోగి తాత్కాలికం. ఈ సత్యం మీదే స్టోర్సు విభాగం ఇన్నాళ్లుగా నడుస్తోంది.

దర్జీకి కింది ముందుపన్ను ఊడింది. దానికింద ఎముక కూడా అరిగిపోయి గుంట పడింది. దారం కొరకడం కుదరడం లేదు. కొలతలు చెబుతుంటే గాలి తప్ప అంకెలు రావడం లేదు. చేసేదిలేక ఆస్పత్రికి వెళితే, పళ్ల డాక్టరమ్మ ఆ గుంటలో గాజు పొడి నింపింది. అది కిటికీ గాజు కాదు. మెల్లగా కరుగుతూ, కరిగిన చోటల్లా ఎముక పెరిగేలా చేసే రకం. ఎముక గట్టిపడ్డాక స్క్రూ బిగించి కొత్త పన్ను పెడతారు.

స్టోర్సు లెక్కలో మాత్రం గాజంటే గాజే. దూది వాడితే అయిపోయే సరుకు. గాజు, బీరువా, బల్ల మాత్రం శాశ్వత ఆస్తులు. (రోగి ఏ పద్దులోకీ రాడు.) కాబట్టి ఆ పొడిని దర్జీకి అరువిచ్చినట్టుగా, ఉంచిన స్థలం ఆయన దవడగా రాసుకున్నారు.

స్క్రూ బిగించే రోజు రానే వచ్చింది. స్క్రూ కన్నా ముందు ఆస్తుల తనిఖీ అధికారి టార్చిలైటుతో వచ్చాడు.

"నోరు తెరవండి. గాజేదీ?"

"కరిగిపోయింది సార్. ఎముకైంది," అన్నాడు దర్జీ.

"అంటే ఆస్పత్రి సొత్తు ఒంట్లో కలిపేసుకున్నానని మీరే ఒప్పుకుంటున్నారు."

"కరగడమే దాని పని సార్!" అంది డాక్టరమ్మ, ఎక్స్‌రే ఎత్తి చూపిస్తూ. "కరక్కపోతేనే వైద్యం ఫెయిలైనట్టు."

"వైద్యం మీది మేడమ్. వస్తువు మాది."

దర్జీ భార్య ఇక ఊరుకోలేకపోయింది. "ఈయనకి కడుపులో మాటే దాగదయ్యా, దవడలో గాజేం దాగుతుంది? కావాలంటే మా వీధిలో ఎవర్నైనా అడుగు."

వీధి సాక్ష్యం నిబంధనల్లో లేదు. రూపం మారినా యాజమాన్యం మారదు గనక, ఆ ఎముకను తవ్వి స్టోర్సుకి అప్పగిస్తేనే స్క్రూ ఇస్తామని అధికారి శాంతంగా తేల్చాడు.

"ఎముక ఇచ్చేస్తే స్క్రూ దేంట్లో బిగిస్తారండీ?" అడిగాడు దర్జీ.

"అది మా విభాగం కాదు."

పక్క కుర్చీలో ఉన్న పోస్ట్‌మ్యాన్‌కి ఆ గాజే కరక్కుండా వికటించింది. బుగ్గ బూరెలా ఉబ్బింది. అధికారి టార్చి వేయగానే గాజు పలుకులు ఒక్కటీ పోకుండా తళతళలాడాయి. అధికారి ముఖం వెలిగిపోయింది. సొత్తు కాపాడిన ఉత్తమ రోగిగా ప్రశంసాపత్రం రాసిచ్చి, దర్జీకి రావలసిన స్క్రూ కూడా ఆయనకే మంజూరు చేశాడు. పోస్ట్‌మ్యాన్ నొప్పితో మూలిగాడు. ధన్యవాదాలు స్వీకరించబడ్డాయి.

"ఈయనకసలు ఎముకే లేదు సార్!" డాక్టరమ్మ తల పట్టుకుంది.

"దర్జీ దగ్గర నిల్వ ఉందిగా. బదిలీ రాయించుకోండి."

దర్జీ గబుక్కున నోరు మూసుకున్నాడు. తనిఖీకి సహకరించడం లేదని రాసుకున్నారు.