చిన్న ఇంజను, పెద్ద ఇంజను, బ్రేకు మాస్టారు

ఆ ఉదయం బ్రేకు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, భార్యను వెంటబెట్టుకుని కార్ల షోరూముకు వెళ్లాలి. తాను మనసు పడ్డ స్పోర్ట్స్ కారు రెండు రకాల ఇంజన్లతో దొరుకుతోంది కాబట్టి, చిన్న ఇంజను బండి ఒకసారి, పెద్ద ఇంజను బండి ఒకసారి నడిపి చూడాలి. ఏదో ఒకటి ఖాయం చేసి భోజనాల వేళకు ఇల్లు చేరాలి. ఇందులో గొడవ రావడానికి సందెక్కడుంది చెప్పండి? వచ్చింది మరి!

మాస్టారిది డ్రైవింగ్ స్కూలు. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గర ప్రత్యేకంగా బిగించిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి, ఊళ్లో సగం మందికి కారు నేర్పాడు. ఆయన శిష్యుల్లో యాక్సిడెంటు చేసినవాడు లేడు. టాప్ గేరు మొహం చూసినవాడూ లేడు. "వేగమే శత్రువు" అని స్కూలు గోడ మీద రాయించిన ఆ మహానుభావుడు, ఇంట్లో బీరువా తలుపు లోపల స్పోర్ట్స్ కారు బొమ్మ అంటించుకుని, చొక్కా తీసుకునే నెపంతో రోజూ దర్శనం చేసుకునేవాడంటే నమ్ముతారా? ఆయన భార్య నమ్ముతుంది. చొక్కా కోసం వెళ్లిన మనిషి చొక్కా లేకుండా తిరిగి రావడం ఆవిడ ఎన్నేళ్లుగానో చూస్తోంది.

"చిన్న ఇంజను చాలంటావా? మర్యాదగా ఉంటుంది. కానీ పెద్దదాని శబ్దం ఉంది చూశావూ..." అన్నాడు మాస్టారు బూట్లు తుడుచుకుంటూ.

"నిద్రలో కూడా ఇదే గోల. ఇవాళ తాడో పేడో తేల్చండి. తేల్చకుండా వచ్చారో, ఆ బొమ్మ చింపి పారేస్తాను. మళ్లీ ఈ ఇంట్లో కారు మాట ఎత్తడానికి వీల్లేదు."

"నీకేం తెలుసే ఇంజన్ల సంగతి! ఈ జన్మలో నీకు డ్రైవింగు రాదని పెళ్లైన కొత్తలోనే చెప్పాను."

"చెప్పారు లెండి. పదండి, సాయంత్రం నాకు కుట్టు క్లాసుంది."

ఆ కుట్టు క్లాసుకు ఆవిడ ఏడాదిగా వెళ్తోంది. ఇంతవరకూ ఒక్క దిండు గలీబు కుట్టిన పాపాన పోలేదు. మాస్టారు ఇలాంటివి పట్టించుకునే మనిషి కాదు.

షోరూములో రెండు కార్లూ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఎరుపే. రెండూ నేలకు పొట్ట ఆనించి, దూకడానికి సిద్ధంగా ఉన్న జంతువుల్లా ఉన్నాయి. తేడా అల్లా వెనక బంపరు మీద ఓ చిన్న అక్షరం. మాస్టారు జేబురుమాలుతో చేతులు తుడుచుకున్న తర్వాతగానీ ఒక దాని మీద వేలు పెట్టలేదు. "ఏమోయ్, వేడిగా ఉందే! ప్రాణం ఉన్నట్టుంది" అన్నాడు గుసగుసగా. అద్దంలోంచి ఎండ పడుతోంది కాబట్టి వేడిగా ఉందని ఆవిడ చెప్పలేదు. ఆయన సంతోషం ఆయనది.

సేల్స్ మేనేజరు టై సర్దుకుంటూ నవ్వుతూ వచ్చాడు. మాస్టారిని చూడగానే ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"న... నమస్తే సార్! గుర్తుపట్టారా? మీ దగ్గర నేర్చుకునేటప్పుడు రివర్సులో చెత్తకుండీని గుద్దినవాణ్ణి సార్."

"నువ్వా! ఇంకా వంగి నిలబడే అలవాటు పోలేదే. తాళాలు పట్రా. ముందు చిన్న ఇంజను."

మేనేజరు కంగారుగా ఒక తాళం తెచ్చి మీట నొక్కాడు. ఏ బండి లైట్లు మిణుకుమంటే ఆ బండి దగ్గరికి నడిచారు. అక్కడే కొంప మునిగింది. మాస్టారు అలవాటు చొప్పున పక్క సీటు తలుపు తీసుకుని కూర్చున్నాడు. మాస్టారు పక్క సీట్లో కూర్చున్నాక శిష్యుడు ఏం చేస్తాడు? అతనూ అలవాటు చొప్పున స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"అద్దం చూశావా?"

"చూశాను సార్."

"సిగ్నలు ఎవడేస్తాడు, మీ తాతా? వెయ్! ఆఁ, మెల్లగా. ఇంకా మెల్లగా. ఎందుకయ్యా అంత తొందర, ఎక్కడైనా నిప్పంటుకుందా?"

ఊరంతా తిరిగి వచ్చేసరికి మేనేజరు చొక్కా పిండితే బకెట్టు నిండేలా ఉంది. మాస్టారి మొహం వేలాడిపోయింది.

"ఛీ ఛీ, ఇందులో దమ్ము లేదే! సైకిలువాడు దాటేసి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు" అన్నాడు భార్యతో.

"ఇంతకీ మీరు నడిపారా?"

మాస్టారు నుదురు కొట్టుకున్నాడు. "అవును సుమా! నేను నడపలేదు."

ఈసారి పెద్ద ఇంజను తాళం అడిగి తీసుకుని ఒక్కడే స్టీరింగు ముందు కూర్చున్నాడు. మేనేజరు ఆఫీసులో అర్జెంటు పనుందని తలుపు వేసుకున్నాడు. మాస్టారు మీట నొక్కాడు. ఇంజను ఒకసారి దగ్గి, గర్జించింది. ఆ గర్జన సీటులోంచి వెన్నులోకి పాకి పళ్లదాకా వచ్చింది. మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అబ్బబ్బ, పెద్దదంటే పెద్దదే!" అనుకున్నాడు.

మనసు గాల్లో తేలుతోంది గానీ, కాలికి తెలిసిన విద్య ఒక్కటే. బండి గేటు దాటి రోడ్డు మీదికి ముక్కు పెట్టగానే ఇంజను మళ్లీ గర్జించింది. ఆ గర్జన వినీ వినగానే మాస్టారి కాలు, శిష్యుడెవడో తప్పు చేశాడనుకుని, బ్రేకును పాతాళానికి తొక్కింది. బండి ఎగిరిపడి రోడ్డుకు అడ్డంగా ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేశాడు, మళ్లీ తొక్కాడు. నాలుగోసారికి కాళ్లూ చేతులూ ఆడక స్టీరింగు పట్టుకుని బొమ్మలా ఉండిపోయాడు.

అటు బస్సు, ఇటు పాలవ్యాను, వాటి వెనక కార్లు, కనుచూపు మేర కార్లు. విచిత్రమేమిటంటే ఒక్కడూ హారను కొట్టలేదు. అందరూ మాస్టారి శిష్యులే మరి! హారను కొట్టడం అసభ్యమని నేర్పింది ఆయనే. అందరూ బుద్ధిగా హ్యాండు బ్రేకులు లాగి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బస్సు డ్రైవరైతే, మాస్టారు ఏదో కొత్త పాఠం చెబుతున్నారనుకుని తల బయటపెట్టి శ్రద్ధగా చూస్తున్నాడు. ఆ నిశ్శబ్దంలో మాస్టారి పరువు నిలువునా కరిగిపోతోంది.

అప్పుడు వెనకనుంచి ఒకే ఒక్క హారను మోగింది. ఎదురు వీధి డ్రైవింగ్ స్కూలు ఓనరు, రాకెట్ మాస్టారు. బద్ధ శత్రువు. దిగి వచ్చి, గేటు దగ్గర నిలబడ్డ ఆవిడను చూసి చేతులు జోడించాడు.

"అదేంటమ్మా, చూస్తూ నిలబడ్డారు! మీరు ఎక్కితే చిటికెలో పని. మా స్కూల్లో కొండ మలుపుల్లో మిమ్మల్ని మించినవాళ్లు లేరే!"

మాస్టారు అద్దం దించాడు. "కుట్టు క్లాసు?"

"అదే లెండి. జరగండి" అంది ఆవిడ.

మాస్టారు జరిగాడు. ఆవిడ కూర్చుంది, అద్దం చూసింది, సిగ్నలు వేసింది. ఆ తర్వాత ఏం జరిగిందో మాస్టారికి వరసగా గుర్తులేదు. షోరూము వెనక్కి పోయింది, ఊరు వెనక్కి పోయింది, కొండ దారి లేచి మీదికి వచ్చింది. ఆయన పాదం లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

"అక్కడ బ్రేకు లేదండీ. ఊరికే కాలు నొప్పి."

ముందు భయం వేసింది. మూడో మలుపు దగ్గర భయం ఎటో పోయింది. గాలి, ఎండ, కింద లోయ, ఆ గర్జన, వాటి మధ్య నిమ్మకు నీరెత్తినట్టు తన భార్య! ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో ఉండి ఈ మనిషిని ఎప్పుడూ చూడలేదే అనిపించింది. బీరువాలో బొమ్మ దగ్గర కూడా ఆయన ఇంతసేపు నోరు తెరుచుకుని చూడలేదు.

"టాప్ గేరంటే ఇదేనా?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"ఇంకోటుందండీ పైన" అంటూ వేసింది.

తిరిగి వచ్చేసరికి మాస్టారి జుట్టు నిలబడి ఉంది, మొహం వెలిగిపోతోంది. "ఖాయం! పెద్ద ఇంజనే! ఇది యంత్రం కాదయ్యా, అద్భుతం!" అంటూ అరిచాడు.

మేనేజరు తాళం తీసుకోవడానికి బండి వెనకనుంచి వస్తూ బంపరు మీద అక్షరం చూశాడు. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"సార్... తిట్టకండి సార్. మిమ్మల్ని చూసిన కంగారులో తాళాలు తారుమారయ్యాయి. ముందు మనం వెళ్లింది పెద్ద ఇంజను బండి. అమ్మగారు నడిపింది చిన్నది."

"అంటే సైకిలు దాటేసింది పెద్ద ఇంజనునా?"

"అవును సార్. ఇప్పుడు ఏది ఖాయం చేయమంటారు?"

మాస్టారు రెండు కార్లనీ, తర్వాత భార్యనీ చూశాడు. "నన్నడుగుతావేంటయ్యా? నడిపేవాళ్లనడుగు" అన్నాడు.

ఆవిడ చిన్న ఇంజను బండిని ఆప్యాయంగా ఒకసారి తట్టి, రెండోదాని వైపు తిరిగింది.

"చిన్నదే ఇలా ఉంటే... ఆ తాళం ఇలా ఇవ్వు బాబూ."

మాస్టారు వెళ్లి, తనకు అలవాటైన సీట్లోనే కూర్చుని బెల్టు బిగించుకున్నాడు.