కల్చర్ ఎవరింటిది?

అమెరికాలోని షాంటిలీ తెలుగువారి చరిత్రలో క్వాస్ యుగం ఒక శనివారం మధ్యాహ్నం ఏసుపాదం గారి వంటింట్లో ప్రారంభమైంది. క్వాస్ అంటే ఎర్రగా కాల్చిన రై బ్రెడ్డు ముక్కల్ని నీళ్లలో నానబెట్టి, పంచదార కలిపి, పులియబెట్టి తాగే రష్యా వారి పానీయం. రిటైరైన కెమిస్టు ఏసుపాదం గారు, ఒకప్పుడు ల్యాబులో రష్యన్ సహోద్యోగి ఇచ్చిన కల్చర్‌ను, అంటే దాన్ని పులియబెట్టే తోడును, పసిబిడ్డలా సాకుతూ వస్తున్నారు. "ఖాళీగా ఉంటే రండి, క్వాస్ తాగుదాం" అని వాట్సాప్‌లో పెడితే నలుగురైదుగురు వచ్చారు. తాగారు, తేన్చారు, జంతికలు నమిలారు. ఎజెండా లేదు. అధ్యక్షుడు లేడు. ఇంతటి అరాచకం ఎంతోకాలం సాగదని విజ్ఞులైన పాఠకులు ఈపాటికే గ్రహించి ఉంటారు.

వచ్చినవారిలో డాక్టర్ రంగయ్య గారున్నారు. రిటైరైన గుండె డాక్టరు. ఆ చుట్టుపక్కల ప్రతి తెలుగు సంఘానికీ మాజీ అధ్యక్షుడు. ఆయన మూడో గ్లాసు దించి, "పాదం గారూ, ఇది మన తరవాణేనండీ. రష్యా వాళ్లు మన దగ్గర కాపీ కొట్టారు" అని తేల్చారు. తరవాణిని అన్నంతో చేస్తారన్న అల్పభేదాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. నెల తిరక్కుండానే 'అఖిల అమెరికా తెలుగు క్వాస్ సమాఖ్య' వెలిసింది. రంగయ్య గారు అధ్యక్షులయ్యారు. ఆ శనివారం క్వాస్ తాగినవారిలోనే ఒకరైన వసుమతి గారు కల్చరల్ సెక్రటరీ. ఏ సంఘంలోనైనా ఆ పదవికి నిజంగా పని దొరకడం బహుశా అదే మొదలు.

ప్రారంభోత్సవంలో సభ్యులందరికీ తలా కాస్త కల్చర్ పంచాలని తీర్మానించారు. ఏసుపాదం గారు సీసాలు వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నింపారు. భార్య లూసీ మూతలకు రిబ్బన్లు కట్టింది. తీసుకెళ్లడానికి వచ్చిన వసుమతి గారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. కమిటీలో చిన్న కన్సర్న్ రెయిజ్ చేశారు. ఈ కల్చర్ మీ కిచెన్‌ది కదా. మీ ఇంట్లో అన్నీ కుక్ చేస్తారు కదా, అందుకని."

"మీరూ చికెన్ తింటారు కదమ్మా," అన్నారు ఏసుపాదం గారు.

"అది వేరండీ. నాకైతే ఏ ప్రాబ్లమూ లేదు. పెద్దవాళ్లు ఫీలవుతారని."

ఆ పెద్దవాళ్లెవరో ఆమె చెప్పలేదు. సమాఖ్యలో అందరికంటే పెద్ద ఏసుపాదం గారే.

ఆమె కారు వెళ్లిపోయాక ఆయన సీసాలను ఒక్కొక్కటిగా ఫ్రిజ్‌లో సర్దసాగారు. "ఇన్నేళ్లుగా మన టేబుల్ దగ్గర కూచుని తిన్నారు కదండీ," అంది లూసీ. ఒక సీసా రిబ్బన్ ఊడిపోతే ఆయన మళ్లీ కట్టారు.

కమిటీవారు ఆన్‌లైన్‌లో కల్చర్ ప్యాకెట్లు ఆర్డర్ చేశారు. అవి ఏ ఊళ్లో, ఎవరి చేతుల మీదుగా తయారయ్యాయో ఎవరికీ తెలియదు. తెలియదు కనుక మైల లేదని ఏకగ్రీవంగా భావించారు.

ప్రారంభోత్సవం కమ్యూనిటీ హాల్లో నిర్విఘ్నంగా జరిగింది. రంగయ్య గారు తమ ప్రసంగంలో, "కుల, మత భేదాల్ని మనం ఎయిర్‌పోర్ట్‌లోనే వదిలేసి వచ్చాం. ఇక్కడున్నది ఒకే జాతి, ఒకే కల్చర్" అని సెలవిచ్చారు. చప్పట్లు మోగాయి. తర్వాత వ్యవస్థాపకులైన ఏసుపాదం గారికి శాలువా కప్పి, మైకిచ్చి, రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

ఆయన శాలువా తీసి, మడతపెట్టి, కుర్చీ మీద పెట్టారు.

"నేను మాట్లాడేదేం లేదండీ. మా ఇంట్లో క్వాస్ తాగినవాళ్లు ఒక్కసారి చెయ్యెత్తండి, చాలు."

వసుమతి గారికి ఫోనులో ముఖ్యమైన మెసేజ్ ఏదో వచ్చింది. రంగయ్య గారు పైకప్పు నిర్మాణాన్ని శ్రద్ధగా పరిశీలించారు. వెనక వరసలో లూసీ ఒక్కతే చెయ్యెత్తింది. ఆయన మైకు బల్లమీద పెట్టి, దిగివచ్చి, ఆ చెయ్యి పట్టుకుని బయటికి నడిచారు.

పాఠకులు అక్కడుంటే తప్పకుండా చెయ్యెత్తేవారే. మాకందులో సందేహం లేదు. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లందరూ, తాము ఎత్తామనే ఇప్పుడు చెబుతున్నారు.