ముక్కు మేస్త్రి సెంటు సీసా

గ్యాస్ పొయ్యిలు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ ముక్కు మేస్త్రి అనేవారు. తోటి మెకానిక్కులు పైపు బిగించాక అతుకు మీద సబ్బు నీళ్లు రాసి, బుడగలు వస్తాయేమో చూస్తారు. మన మేస్త్రి మాత్రం వంగి ఒక్కసారి గాలి పీల్చి, "లీకు లేదు, వెలిగించుకోండి" అనేవాడు. సబ్బు నీళ్లు ముక్కు లేనివాళ్లకని ఇంట్లో కూడా కోతలు కోసేవాడు.

అలాంటి ముక్కు కాస్తా మొన్నటి జ్వరంతో మూలపడింది. జ్వరం తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. భార్యకి తెలిస్తే పనికి వెళ్లనివ్వదు. పని పోతే ముక్కు మేస్త్రి ఇంకేం మేస్త్రి? ఆయనకి నిజంగానే భయం వేసింది.

భయపడ్డవాడు డాక్టరు దగ్గరికి పోతాడనుకుంటాం. మేస్త్రి పోయి సెంటు కొన్నాడు. సెంటు కొట్టుకుని దాని గుణగణాలు వర్ణించేవాడికి ముక్కు పనిచేయడం లేదని ఎవరనుకుంటారు? అదీ ఆయన ఎత్తు. కొట్టువాడు చెప్పిందంతా బట్టీ పట్టాడు.

"మగవాళ్లు రోజూ వాడుకునేదండీ. కొట్టగానే నీళ్ల వాసన, ఏటిగట్టున నిలబడ్డట్టు. మధ్యాహ్నానికి నీళ్లు తగ్గి చెక్క వాసన పైకొస్తుంది. సాయంత్రానికి ఎండు కర్ర వాసన సన్నగా మిగులుతుంది. నెమ్మదైన సెంటు, రెండు చుక్కలు చాలు."

చాలో చాలవో తెలియడానికి ముక్కుండాలి కదా. మేస్త్రి స్నానం చేసినంత పని చేశాడు. లిఫ్టులో జనం తమ అంతస్తు రాకుండానే దిగిపోయారు. చోటిచ్చారు, మర్యాదస్తులు అనుకున్నాడాయన.

ఇంట్లో గడియారం చూసి వాసన చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దున్నే, "ఏటిగట్టున ఉన్నట్టు లేదూ?" భోజనానికొచ్చి, "చెక్క పైకొచ్చింది, చూశావా?"

"రాక చస్తుందా," అంది భార్య, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

ఒక సాయంత్రం ఆయన పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుతుంటే పాలు ఇగిరి గిన్నె మాడిపోయింది. భార్య డాబా మీంచి పరుగెత్తుకొచ్చింది.

"పక్కనే ఉన్నారు, వాసన రాలేదా?"

"నా సెంటు ముందు పాల వాసనెంత."

ఆమె మారు మాట్లాడకుండా గిన్నె తోముకుంది. ఇల్లాలు మాట్లాడకపోతే జాగ్రత్తపడాలని ఆయనకి తెలియంది కాదు. ఎత్తు పారిందన్న సంతోషంలో మరిచిపోయాడు.

మర్నాడు ఆమే అడిగింది. "ఎలా ఉందండీ సెంటు?"

"ఏటిగట్టే."

మధ్యాహ్నం, "ఇప్పుడో?"

"చెక్క. కాస్త ముదురు చెక్క."

"నిన్ననే సెంటు వేరే సీసాలో పోసేశాను," అంది ఆమె అన్నం వడ్డిస్తూ. "పొద్దున మీరు కొట్టుకున్నవి కుళాయి నీళ్లు. వాటికీ ముదురు చెక్క వాసన వచ్చిందా?"

"దొరికిపోయానన్న వాసన ఇప్పుడే వచ్చింది," అన్నాడు మేస్త్రి తల దించుకుని.

ఆమె నవ్వలేదు. "ఎన్నాళ్లయింది?"

"జ్వరం నుంచీ. పని మానమంటావని చెప్పలేదు."

"ఆ ముక్కుతోనే వెలిగించుకోండని చెప్పొస్తున్నారా? పిల్లలున్న ఇళ్లల్లో?"

ఆయనకి ఈమధ్య పనిచేసిన ఇళ్లన్నీ కళ్లముందు తిరిగాయి. కంచం జరిపి లేచాడు. ఆమె సీసా కడిగి, మళ్లీ నింపి, ఆయన పనిసంచీలో పెట్టింది.

"సబ్బు నీళ్లు పోశాను. ముక్కు లేనివాళ్లకి కదా. ముందు ఆ ఇళ్లన్నీ చూసి రండి."

మొదటిది కొత్త పైపు వేసిన టీచరమ్మ ఇల్లు. ఆయన్ని చూసి ఆవిడ తేలికపడింది.

"అప్పుడప్పుడు వాసన వస్తున్నట్టే ఉందండీ. మీ ముక్కు చూసి వెళ్లింది కదా, నాదే భ్రమ అనుకుని ఊరుకున్నాను."

మేస్త్రి అలవాటుగా వంగి గాలి పీల్చాడు. ఏమీ తెలియలేదు. సీసా తీసి అతుకు మీద కొట్టాడు. చిన్న బుడగ ఒకటి లేచి, ఉబ్బి, పగిలింది. వెనకే ఇంకొకటి లేచింది.

గ్యాస్ కట్టేసి, కిటికీలు తెరిచి, నట్టు విప్పి బిగించాడు. మళ్లీ కొట్టి చూశాడు. ఈసారి బుడగ లేవలేదు.

"సెంటు సీసాలా ఉందే. వాసన రావడం లేదేం?" అంది టీచరమ్మ.

"నాకైతే ఏ వాసనా రావడం లేదమ్మా," అన్నాడు మేస్త్రి, సీసా సంచీలో పెట్టుకుని పక్కింటికి బయల్దేరుతూ.