చిలకమ్మ ఒంట్లో దొరికిన మహమ్మారి

డాక్టరు నాడి చూడటం పాత పద్ధతి. ఇప్పుడు మనం ఆన్‌లైన్‌లో ఏం కొంటున్నామో చూస్తే చాలు, రేపు రాబోయే జబ్బు ఇవాళే తెలిసిపోతుంది! మీరు దగ్గు మందు కొంటే ఎక్కడో మ్యాపు మీద మీ పేట ఎర్రబడుతుంది. ఇంతకంటే వరం ఏం కావాలి? నమ్మకం లేనివాళ్లు యాంగోన్ వెళ్లి, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో చిలకమ్మను అడగండి.

చిలకమ్మది ఆరంతస్తుల మేడలో కింది వాటా. సరుకులు తెచ్చేవాడు మెట్లెక్కడు. అందుకని మేడంతా ఆవిడ ఫోన్లోనే ఆర్డరు పెడుతుంది. బాల్కనీల నుంచి తాళ్లు దిగుతాయి, ఎవరి సంచి వాళ్ల తాడుకు ఆవిడ కడుతుంది, వాళ్లు పైకి లాక్కుంటారు. ఆ ఊళ్లో తాడు లేని బాల్కనీ అరుదు.

పాపం, కంప్యూటరుకు తాళ్లు కనపడవు కదా! దాని లెక్కలో ఒకే ఒక్క ఆడమనిషి వారం రోజుల్లో పదకొండు సీసాల దగ్గు మందు తాగింది, తలకు పేలమందు రాసుకుంది, కట్టుడు పళ్లు తోముకుంది, కొత్తగా పళ్లొస్తున్న చిగుళ్లకు మందు పూసుకుంది, డైపర్లు కట్టుకుంది, పైగా జ్వరం బిళ్లలు డబ్బాలకు డబ్బాలు మింగింది. ఇలాంటి జబ్బు ఏ వైద్య గ్రంథంలో ఉంది? కనిపెట్టిన ఘనత మరి ఎవరిది?

మర్నాడే తెల్ల ముసుగుల్లో నలుగురు దిగారు. వాళ్లలో నాథన్ ఒకడు. ఆవిడ వెళ్లే తెలుగు చర్చిలో పాటలు పాడతాడు, కొనుగోళ్లు చూసి జబ్బులు పసిగట్టే ఆ కంపెనీలో ఉద్యోగం.

చిలకమ్మకు ప్రాణం లేచొచ్చింది. వెనక సందులో మురికి కాలువ పూడిపోయి దోమలు ముసురుతున్నాయని వార్డు ఆఫీసుకు వెళ్లి మూడుసార్లు మొత్తుకుంది. నాలుగో అంతస్తు కోటేశ్వరి పాపకు అయిదు రోజులుగా జ్వరం. ఆ పిల్లకు ఏమవుతుందోనని ఆవిడకు అన్నం సయించడం లేదు.

"నాకేటీ నేదు నాయనా. పైన పాపని చూడు. ఎనక కాలవ చూడు," అంది నాథన్‌తో.

"కాలవ మా స్క్రీన్లో నేదత్తా. నువ్వే ఉన్నావు. నోరు తెరువు."

ముక్కులో పుల్ల, వేలికి సూది, గుమ్మానికి ఎర్ర టేపు! మళ్లీ అంత సరుకు కొంటే ఆస్పత్రిలో పడేస్తారని నాథన్ చెప్పి వెళ్లాడు.

చిలకమ్మ హడలిపోయి ఫోను ఆపేసింది. మేడలోవాళ్లంతా మెట్లు దిగి బజారుకు నడిచారు. ఆర్డర్లు సున్నా. అంటే జబ్బూ సున్నా! కంపెనీవాళ్లు కేకు కోసుకున్నారు.

ఈలోగా రెండో అంతస్తు వీరన్న కూడా జ్వరంతో పడ్డాడు. ఇక లాభం లేదని చిలకమ్మ, అక్కడి ఆడవాళ్లు కట్టే లుంగీ ఎగదోపి, పార పట్టుకుని తానే కాలువలోకి దిగింది. అక్కడికే వచ్చాడు నాథన్, చేతిలో కాగితంతో.

"నీకు పూర్తిగా నయమైపోనాదత్తా. మేడంతా చేమమని రాసినారు."

"పాపకి ఒళ్లు కాలిపోతంది గదరా."

నాథన్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పాప ఏటీ కొననేదు గదత్తా."