ముందు వేసినవాడి కోర్టు

ఆ ఉదయం కట్టుడు పళ్ల మేస్త్రి అనుకున్నవి రెండే పనులు. లాయరుగారి పై పలువరుస నునుపు చేసి ఇచ్చేయడం, ఆ తర్వాత సరిహద్దు అవతల ఉన్న భార్యకు ఫోన్ చేసి ఎప్పుడొస్తావని అడగడం. కాలు విరిగిన అక్కకు సాయంగా వెళ్లిన మనిషి, వేసవి పోయి వానలు మొదలైనా తిరిగి రాలేదు. ఆమె లేని ఇంట్లో ఆయనకు తిండి సయించడం లేదు. ఇంటికి వెళ్లబుద్ధి కాక, అరగదీసిన పళ్లనే మళ్లీ అరగదీస్తూ దుకాణంలో పొద్దుపుచ్చుతున్నాడు.

లాయరుగారు పలువరుస పెట్టుకుని, అద్దంలో చూసుకుని, కొత్త పళ్లతో మాట ఎలా వస్తుందో చూద్దామన్నట్టు ఒక కేసు చెప్పుకొచ్చాడు. పాపం ఎవరో పెద్దమనిషి. భార్య పక్కదేశం వెళ్లి, కొన్నాళ్లు అక్కడే ఉండి, అక్కడి కోర్టులోనే విడాకులకు వేసిందట. ముందు ఏ కోర్టులో పడితే కేసు ఆ కోర్టుదేనట. అక్కడి చట్టం ప్రకారం ఇల్లూ వ్యాపారమూ చెరిసగమట. ఆవిడ అక్కడ ఉంటోందనడానికి ఒక్క కాగితం చాలట. మేస్త్రి చేతిలో ఆకురాయి ఆగిపోయింది.

ఫోన్ చేస్తే భార్య హడావుడిగా ఉంది. "మన పెళ్లి సర్టిఫికెట్ ఫొటో తీసి పంపండి. ఇక్కడ ఉంటున్నట్టు కాగితం తీసుకున్నాను, దానికి జతచేయాలట," అంది. ఎందుకని అడిగేలోపే అక్క పిలుస్తోందని పెట్టేసింది. లాయరు చెప్పిన కాగితం ఇదేనని మేస్త్రికి తోచింది. మళ్లీ చేసి అడగొచ్చు. కానీ అవునంటే? ఆ ఒక్క మాట వినే ధైర్యం లేక ఆయన తిన్నగా లాయరు దగ్గరికి పరుగెత్తాడు.

"ఆవిడ అక్కడ వేయకముందే మనం ఇక్కడ వేసేయాలి," అన్నాడు లాయరు.

"నాకు విడాకులు వద్దండీ బాబూ."

"వద్దు కాబట్టే వేయాలి. కేసు మనది అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. వాళ్లది అయితే మన చేతిలో ఏముంటుంది?"

భయపడ్డ మనిషికి ఏం చెప్పినా సబబుగానే ఉంటుంది. విడాకులు తప్పించుకోవడానికి మేస్త్రి విడాకుల పిటిషన్ మీద సంతకం పెట్టాడు. ఆస్తి వివరాలు కూడా కోర్టు అడుగుతుందని విని మరింత బెదిరిపోయి, లాయరుకైనా చెప్పకుండా దుకాణాన్ని తల్లి పేర రాసేశాడు. ఎందుకురా అని ఆవిడ అడిగితే, ఒంట్లో బాగుండటం లేదు, ముందుజాగ్రత్త అన్నాడు.

కన్నతల్లి కదా, ఆ మాటకు ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. కొడుకు నాలుగు రోజుల్లో పోతాడని తనే తీర్మానించుకుని, కోడలికి ఫోన్ చేసి భోరుమంది. ఆ వెనకే కోడలికి కోర్టు నోటీసు అందింది. తను పోతున్నాడు గనక నన్ను వదిలేసి, నా దారి నన్ను చూసుకోమంటున్నాడు, ఎంత మంచివాడమ్మా అని ఏడుస్తూ ఆ పిచ్చిది బస్సెక్కింది.

వాయిదా రోజున భార్య ఎర్రటి కళ్లతో ఎదురుగా నిలబడింది. అది కోపమే అనుకున్నాడు మేస్త్రి. అంతా అయిపోయిందని ఆయన బెంబేలు పడుతూంటే, జడ్జిగారు దుకాణం ఎవరి పేర ఉందని అడిగారు. అమ్మ పేర అన్నాడు.

"నా పేర లేదండీ," అని వెనక బల్ల మీంచి తల్లి లేచింది. "మొన్ననే కోడలి పేర రాసేశాను. వీడు పోయాక పిల్ల ఎలా బతుకుతుంది?"

"పోవడమేమిటి? ఎక్కడికి?" అన్నారు జడ్జిగారు.

భార్య తేరిపారచూసింది. "మీకు జబ్బేమీ లేదా?"

"లేదు. నీకు విడాకులు అక్కర్లేదా?"

"అక్కడ ఉంటున్నట్టు కాగితం ఉంటే మొగుడూపెళ్లాలకి బస్సు పాసు సగం ధరకే ఇస్తారు. మిమ్మల్ని పిలిపించుకుని ఊరంతా తిప్పి చూపిద్దామని సర్టిఫికెట్ అడిగాను," అంటూ ఆమె మళ్లీ ఏడ్చింది. ఈసారిది కోపమే.

మేస్త్రికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కాళ్ల మీద పడేవాడే, అది కోర్టని గుర్తొచ్చి ఆగాడు. పిటిషన్ వెనక్కి తీసుకుంటారా అని జడ్జిగారు అడిగారు. మేస్త్రి తల ఊపబోతూంటే లాయరు ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, తను చేయించుకున్న పలువరుసంతా కనబడేలా నవ్వాడు.

"తొందరపడకండి మేస్త్రిగారూ. దుకాణం ఇప్పుడు ఆవిడదే కదా, భరణం మనమే అడగొచ్చు."