రెండు వేల సంవత్సరానికి సీటు

"పక్కవాటా తాతారావు కొత్త బడికి సీట్లు రాస్తున్నాడు. ఇప్పుడే పేరు పడకపోతే రెండు వేల సంవత్సరానికి కూడా దొరకదు" అని శేషారత్నం కుళాయి దగ్గర అన్నదట. ఎవరి బిందెలో పడిందో గాని, తెల్లారేసరికి ఆ మాట ఆబిడ్స్ నుంచి మొజంజాహీ మార్కెట్ దాటింది.

పాపం, తాతారావు చేసిందల్లా ముందురోజు ఆవిడ మీద ఒక ప్రశ్న ప్రయోగించి చూడడమే. "పిన్నిగారూ, రెండు వేల సంవత్సరంలో పిల్లలకు ఎలాంటి బడి ఉండాలంటారు?"

అతనిది నాంపల్లిలో ఒక విద్యా పరిశోధన కార్యాలయం. ముప్పై ఏళ్ల తర్వాతి చదువుల గురించి ఎవరిని, ఎలా అడిగి తెలుసుకోవాలో తేల్చాలి. నిపుణుల్ని తలో గదిలో కూర్చోబెట్టి అడగాలంటాడు డైరెక్టరు సోమయాజులు. పిల్లల్ని కన్నవాళ్లను అడగాలంటాడు తాతారావు.

"జనం నోరు విప్పితే బియ్యం ధర తప్ప ఏం చెబుతారయ్యా? రేపు కోదండరామయ్యగారు వస్తున్నారు. పెద్ద ప్రిన్సిపాలుగా చేసినాయన. చూసి దారికి రా. లేదంటే దివిసీమలో నువ్వు పంతులుగా చేసిన పాత బడి నీకోసం కాచుకుని ఉంది" అన్నాడు సోమయాజులు.

మర్నాడు పెరుగన్నం డబ్బా పట్టుకుని ఆఫీసు మలుపు తిరిగిన తాతారావు అక్కడే ఆగిపోయాడు. గేటు నుంచి స్టేషను రోడ్డు దాకా వరుస. పిల్లల తలలకు నూనె, నుదుటన విభూతి. అందరికన్నా ముందు శేషారత్నం. మిర్చి బజ్జీల బండి కూడా వచ్చేసింది.

పోశవ్వ అనే ముసలామె ఏడేళ్ల మనవణ్ణి ముందుకు తోసింది. "వీనికొద్దు సారూ, గప్పటికి పెద్దోడైతడు. వీని కొడుక్కు రాయి."

అంతలో సోమయాజులు రిక్షా దిగాడు. "ఏమిటయ్యా ఈ తిరునాళ్ళ? నిపుణుడుగారేరీ?"

"క్యూలో ఉన్నారు సార్. మనవణ్ణి కూడా తెచ్చుకున్నారు" అన్నాడు తాతారావు.

ఇక దివిసీమే గతి అనుకుని తాతారావు ప్యూను స్టూలెక్కాడు. "సీట్లు లేవు! అసలా బడే ఇంకా పుట్టలేదు! ఎలాంటి బడి కావాలో మీరే చెప్పాలి, అంతే!"

కొడతారనుకున్నాడు. ఒక్కరూ కదల్లేదు.

"గా ముచ్చట ముందుగాల జెప్పరాదు! ఆడపోరిలకు పాయఖానా ఉండాలె" అంది పోశవ్వ.

"చేతిపని నేర్పాలె!"

"పంతులు కొట్టొద్దు!"

"కొట్టాలండీ, మావాడు మామూలుగా చెబితే వినడు!"

కోదండరామయ్య మనవడి సంచి భుజం మార్చుకున్నాడు. "గదిలో కూర్చోబెట్టి ఉంటే ఉపన్యాసం దంచేవాణ్ణి సోమయాజులూ. ఇది మోస్తే గాని తెలియలేదు, ముందు బరువు తగ్గించాలని."

సోమయాజులు కలం తీశాడు. ఇంకు అయిపోయేదాకా రాశాడు. అది అయిపోయాక ప్యూను దగ్గర పెన్సిలు లాక్కుని మళ్లీ రాశాడు. చివరికి స్టూలు దగ్గరికి వచ్చి తాతారావు వీపు తట్టాడు. "నీ పద్ధతే ఖాయం. దివిసీమ మాట మరిచిపో."

బజ్జీల బండివాడితో సహా అందరూ చప్పట్లు కొట్టారు. తాతారావు స్టూలు మీద ఇంకో అడుగు పెరిగినట్టు నిలబడ్డాడు.

ఆ ఊపులో సోమయాజులు పోశవ్వ వైపు తిరిగాడు. "అవ్వా, మీరు చెప్పిందంతా రెండు వేల సంవత్సరం ప్లానులో పెడతాం!"

పోశవ్వ మనవడి చెయ్యి పట్టుకుంది.

"గప్పటిదాంక మా పోరగాండ్లు గీ లైన్లనే నిలవడాల్నా సారూ?"